మేపిన కారు

ఎద్దు ఒళ్లు తెలిసినవాడు హయాతే అని మార్టూరు చుట్టుపక్కల చెప్పుకునేవారు. మా ఊరి బుల్లయ్య గారి పందెపు ఎడ్లను సాకడమే అతని పని. ఎక్కడ బండలాగుడు పందెం జరిగినా ఆ జతదే గెలుపు. పందెపు ఎద్దును సేద్యానికి కట్టరు. ఉలవలు ఉడకబెట్టి పెడతారు, ఒళ్లు రుద్దుతారు, నీడపట్టున కట్టేసి బలం కూడబెడతారు. ఆ బలమంతా పందెం రోజున బయటికి రావాలి. హయాత్‌కు వచ్చిన విద్య అదే. అందులో అతనికి సాటి లేరు.

ఎడ్లు ముసలివయ్యాక, మిరప బాగా పండిన ఏడు, బుల్లయ్య గారికి కారు మీద మనసు పోయింది. మద్రాసు నుంచి నల్లటి కొత్త కారు తెప్పించారు. హయాత్ ఉండగా ఇంకో డ్రైవరెందుకని అతన్నే గుంటూరు పంపి బండి నడపడం నేర్పించారు. ఎడ్ల కొట్టం కడిగి, సున్నం కొట్టి, కారును అందులోనే పెట్టారు.

ఇక చూడాలి ఆ కారు భోగం. హయాత్ పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచేవాడు, సాయంత్రం పట్టా కప్పేవాడు. ఈగ వాలితే సహించేవాడు కాదు. బయటికి మాత్రం తీసేవాడు కాదు. దసరాకు కుంకుమ పెట్టించుకోవడానికి వీధిలోకి రావాలన్నా, ఇంజను వేయకుండా నలుగురం తోసుకొచ్చేవాళ్లం. బుల్లయ్య గారికి అద్దంకిలో పని పడితే బస్సెక్కి వెళ్లేవారు. కారున్న ఆసామి బస్సు కోసం రోడ్డు మీద నిలబడటం మా ఊళ్లోనే చూడాలి. ఆయనా మురిసిపోయేవారే గాని విసుక్కున్నది లేదు.

"తిప్పితే అరుగుద్ది బాబాయ్. బలమంతా అవసరానికి ఉండాల," అనేవాడు హయాత్, ఎవరడిగినా. ఎద్దు సంగతి తెలిసిన ఊరు గనక అందరికీ అది సబబుగానే తోచింది.

హయాత్ భార్య మాబూబీ మిరపకోతలకు వెళ్లేది. నోరు మంచిది, నవ్వు ఇంకా మంచిది. తను కారుగా పుట్టినా బాగుండేది, రోజూ ఒళ్లు తుడిచేవాడని కోతల్లో మొగుడి మీద హాస్యమాడేది. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె కడుపు పండింది. ఆ కబురు విని హయాత్ కొట్టంలోకి వెళ్లి ఒంటరిగా ఏడ్చాడట. ఇంతకంటే అతను కోరింది లేదు.

ఎండలు ముదిరి కల్లాల్లో కాయలు ఆరబోసిన రోజుల్లో ఆమెకు నొప్పులొచ్చాయి. మంత్రసాని రెబ్కా చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, తన చేతుల్లో లేదు, వెంటనే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని చెప్పింది. హయాత్ అడిగేలోపే బుల్లయ్య గారు తాళాలు చేతిలో పెట్టారు.

నిజం చెప్పాలంటే, అప్పుడతని ముఖంలో భయం కంటే ధీమాయే ఎక్కువ కనబడింది. పందెం రోజు వచ్చిందన్నట్టే ఉన్నాడు. మధ్యాహ్నం నమాజు వేళకల్లా గుంటూరులో ఉంటామని మాబూబీకి చెప్పాడు. రేడియేటరు నిండా నీళ్లు పోశాడు. ఇంజను వేస్తే ఉలకలేదు. హ్యాండిల్ తిప్పాడు, మేం తోశాం. ఊరి చివరిదాకా తోశాక దగ్గి, పొగ కక్కి, ఎట్టాగో అందుకుంది. గండం గడిచిందనుకుని మేం వెనక్కి తిరిగాం.

తర్వాతి సంగతి వెంట వెళ్లిన రెబ్కా చెప్పిందే. అంత నొప్పిలోనూ మాబూబీ సీటు తడిమి చూసుకుని, "ఎంత మెత్తగా ఉందయ్యా," అన్నదట. ఆమె ఆ కారెక్కడం అదే మొదలు.

పెద్ద రోడ్డు ఇంకా దూరం ఉండగానే ముందునుంచి ఆవిరి లేచింది. కమురు వాసన కొట్టింది. లోపల సుత్తితో బాదినట్టు మోత మొదలై, ఒక్కసారిగా బండి బిగుసుకుపోయింది. హయాత్ దిగి హ్యాండిల్ వేసి వేలాడినా అది కదల్లేదు. నీళ్లు తెచ్చి పోశాడు, కదల్లేదు. అప్పుడతను బానెట్ మీద చెయ్యి వేసి, కూలబడ్డ ఎద్దును లేపినట్టు నిమరడం మొదలుపెట్టాడు. లే నాన్నా, లే నా తండ్రీ అని బతిమాలాడు. రేకు కాలి అరచేయి బొబ్బలెక్కినా తియ్యలేదు. రెబ్కా చొక్కా పట్టి గుంజి, దాన్ని వదిలి ఎడ్లబండి ఏదైనా చూడమని అరిస్తే గాని ఈ లోకంలోకి రాలేదు.

దారి పక్క కల్లంలో ఉన్న ఎడ్లబండి మీది మిరపబస్తాలు దించి ఆమెను అందులో పడుకోబెట్టారు. పెద్ద రోడ్డు చేరకముందే మాబూబీ పోయింది. బిడ్డ లోకం చూడనే లేదు.

దఫనం అయిన కొన్నాళ్లకు బుల్లయ్య గారు గుంటూరు నుంచి జయరావనే మెకానిక్కును పిలిపించారు. ఆ రోజుదాకా గడప దాటని హయాత్, తనంతట తానే వచ్చి కొట్టం ముందు కూర్చున్నాడు. జయరావు ఇంజను విప్పదీసి చూశాడు. నీళ్లు తిరిగే దారులన్నీ తుప్పు పట్టి మూసుకుపోయాయి, పోసిన నీళ్లు పోసినచోటే ఉండిపోయి ఇంజను కాలి పట్టేసిందని తేల్చాడు. ఇంత తక్కువ తిరిగిన బండి తన చేతికి ఎప్పుడూ రాలేదని ఆశ్చర్యపోయాడు కూడా. అతనికి మా ఊరి సంగతి తెలియదు.

హయాత్ లేచి దగ్గరికి వచ్చాడు.

"రోజూ తిప్పి ఉంటే గుంటూరు పోయేదా అండి?"

"గుంటూరేం ఖర్మయ్యా, మద్రాసు పోయి వచ్చేది. కట్టేసి చంపారు గాని," అన్నాడు జయరావు నవ్వుతూ.

ఆ నవ్వు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది గాని, పాపం అతని తప్పేముంది? చేతులకు మసి అంటిందని నీళ్లడిగాడు. హయాత్ చెంబు తెచ్చి, అతని చేతులు తెల్లబడేదాకా నిదానంగా నీళ్లు పోశాడు.