దేవుడు బ్యాటరీ మీద

కాన్‌బెర్రాలో నా ఉద్యోగం కీచురాళ్ల చెవి నరాలు ఏమంటున్నాయో వినడం. ఇంట్లో వాళ్ల మాటే సరిగ్గా వినని నాకు ఆ పని ఎలా ఇచ్చారో తెలియదు. నరం పలికే విద్యుత్తు ఎంత సన్నమంటే, పక్కన ఏ కరెంటు వస్తువు గొణిగినా అందులో మునిగిపోతుంది. కొత్త యంత్రం వచ్చిన రోజు నుంచీ అదే తంతు. తెర మీద నున్నగా సాగాల్సిన గీత గొంగళిపురుగులా వెంట్రుకలు మొలిపించుకుంది. శుక్రవారంలోగా ఒక్క శుభ్రమైన రికార్డింగు చూపకపోతే యంత్రాన్ని పక్క గ్రూపుకి ఇచ్చేస్తామన్నారు. దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుంది. కాకపోతే అది పక్క గ్రూపుకి పోదు.

మా బాసు చలికాలంలోనూ నిక్కరేసుకొచ్చే ఆస్ట్రేలియన్. ఆ గొణుగుడు ఎక్కణ్ణుంచి వస్తోందోనని వేట మొదలుపెట్టాడు. ట్యూబ్‌లైట్లు ఆర్పించాడు, ఫ్రిజ్ ఆపించాడు, ఫోన్లన్నీ బిస్కెట్ల డబ్బాలో వేయించాడు. గురువారానికి మేమంతా తలలకు టార్చీలు కట్టుకుని, గని కార్మికుల్లా ఒక కీచురాయి చుట్టూ నిలబడ్డాం. గీత మీద ఒక్క వెంట్రుకా రాలలేదు.

"ఇంకేమైనా ప్లగ్గులో ఉందా, మేట్?"

"ఏమీ లేదు," అన్నాను, పూర్తి నమ్మకంతో.

అతను తీగ చుట్ట ఒకటి తెచ్చి గదంతా తిప్పాడు. గొణిగే వస్తువుకి దగ్గరైతే అది కూస్తుంది. యంత్రం వెనక్కి వెళ్లగానే కెవ్వుమంది. అక్కడుంది, ఆగకుండా మంత్రాలు చదివే, అరచేతిలో పట్టే పెట్టె. యంత్రానికి బొట్టు పెట్టిన రోజున, పని అయ్యేదాకా ఆపకూడదని చెప్పి, ఊరి చివర గంగాలిన్ పేటలో ఉండే మన తెలుగు ఆంటీ ఇచ్చారు. ఓమ్‌లు కొలిచే చోట ఓంకారం వినిపిస్తే బాగుండదని నేనే సౌండు సున్నాకి తగ్గించాను.

"ఏమిటిది?"

"దేవుడు."

"ప్లగ్గులో ఏమీ లేదన్నావు!"

"దేవుణ్ణి ఆ లెక్కలో వేయలేదు."

పీకబోయిన చెయ్యి ఆగింది. "తీయొచ్చా?" అన్నాడు, గుడి మెట్ల మీద ఉన్నట్టు. నాకూ ధైర్యం చాలలేదు. బిస్కెట్ల డబ్బాలోంచి ఫోన్ తీసి ఆంటీకి కొట్టాను.

"ఆంటీ, బాక్స్ ఆఫ్ చేయొచ్చా?"

"వర్క్ అయిపోయిందా అప్పుడే?"

"దానివల్లే అవట్లేదు ఆంటీ."

"నేనిచ్చిన అడాప్టరేనా పెట్టావ్?"

"అది ఎక్కడో పోయింది. చీప్‌గా దొరికితే ఇంకోటి కొన్నా."

"చూశావుటే! దేవుడికి చీప్ అడాప్టర్ పెట్టి, మళ్లీ దేవుణ్ణే బ్లేమ్ చేస్తున్నావా? ఆపకు. బ్యాటరీలు వెయ్యి."

తీర్పును ఇంగ్లీషులో వినిపించాను. బాసు తన నెత్తి మీది టార్చి విప్పి, బ్యాటరీలు తీసి పెట్టెలో వేశాడు. తర్వాతే ప్లగ్గు పీకాడు. గీత అప్పుడే నున్నగా గీయించుకొచ్చిన గడ్డంలా అయింది. దాని మీద కీచురాయి మొదటి మాట నిటారుగా లేచింది.

యంత్రం మా దగ్గరే ఉంది, నేనూ ఉన్నాను. పని మాత్రం ఇంకా అవలేదు కాబట్టి పెట్టె ఆపలేదు. ఆపనిచ్చేలా బాసూ లేడు. ప్రతి రికార్డింగుకీ ముందు గట్టిగా అడుగుతాడు.

"లైట్లు?"

"ఆఫ్."

"ఫ్రిజ్?"

"ఆఫ్."

"దేవుడు?"

"బ్యాటరీ మీద."