రేషన్ కార్డుల నా పెనిమిటి పేరు

తొంభైలల్ల, నా పెనిమిటి పోయిన ఆరేండ్లకు, నా బిడ్డ పీహెచ్‌డీకి అర్జీ పెట్టింది. మనుషులు నేరాలు ఎందుకు చేస్తరో తెలుసుకునే సదువది. స్కాలర్‌షిప్ రాకుంటే సదువు బందే. ఆదాయం సర్టిఫికెట్ తెల్లారి పట్నంల ఇయ్యాలె. ఇద్దరం మహబూబ్‌నగర్‌ల ఎమ్మార్వో ఆఫీసుకు ఉరికినం.

క్లర్కు సారు రేషన్ కార్డు చూసిండు. "నీ పెనిమిటి ఏడమ్మా? పిల్వు."

"సచ్చిపోయిండు సారూ."

"మరి కార్డుల బతికే ఉన్నడు గద!"

బియ్యం తగ్గుతయని నేనే పేరు తీయించలే.

"నీ బిడ్డ దొంగల మీద సదువుతదట! ముందుగాల నీ మీదనే రాయమను," అన్నడు బిడ్డ అర్జీ చూసుకుంట. లైన్ల అందరు నవ్విన్రు. బిడ్డ తల దించుకున్నది.

"తప్పయింది సారూ, ఆయన పేరు కొట్టెయ్యి," అన్న.

ఎర్ర సిరాతోని గీత గీసి సర్టిఫికెట్ ఇచ్చిండు. బిడ్డకు స్కాలర్‌షిప్ వచ్చింది. గని ఆయన పేరు నా నోటితోని నేనే కొట్టేయించిన. గది మతికొస్తే ఇప్పటికీ ఒక్క కాడ కూసోబుద్ధి గాదు.