చకారం తెచ్చిపెట్టిన పేరు

నాకు అక్షరాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, పేరు రావాలంటే బాగా రాయాలని అనుకునేదాన్ని. పేరు తప్పు రాసినా పేరొస్తుందని నాకెవరూ చెప్పలేదు. అందరికీ పడుచుతనం పదహారో ఏట వస్తే, రాతల్లో నా పడుచుతనం యాభై రెండో ఏట వచ్చింది. ఆ వయసులో చెయ్యవలసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా అప్పుడే చేశాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడైన మా ఆయన వాటన్నిటినీ అరుగు మీద కూర్చుని చూసి ఆనందించాడు.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఊడ్పులైపోయాక సాయంత్రాలు అంగన్‌వాడీ గదిలో ఆడవాళ్ళకి చదువు చెప్పేవారు. చెప్పే పిల్ల గోదావరి వైపు నుంచి వచ్చింది. నేను నోరు తెరిస్తే చాలు, "సెప్పు కాదమ్మా, చెప్పు. సేప కాదు, చేప. సెరువు కాదు, చెరువు" అని ఓపిగ్గా దిద్దేది. అంతకుముందు ఒకసారి శ్రీకాకుళంలో బట్టల కొట్టుకి వెళ్ళి "సీర సూపించమ్మా" అంటే, అక్కడి అమ్మాయిలిద్దరు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వారు. ఆ నవ్వు నా వీపుకి అంటుకుని ఇంటిదాకా వచ్చింది. అందుకని ఈ దిద్దుబాటు నాకు మహా నచ్చింది. సూత్రం కూడా సులువే: మా నోట్లో 'స' ఉన్నచోటల్లా పుస్తకంలో 'చ' రాయాలి. రాశాను. సంతని చంత అని రాశాను, సున్నాన్ని చున్నం చేశాను. సిగ్గుని చిగ్గు అని రాశాను (నాకు అది ఎక్కువే కాబట్టి ప్రతి పేజీలోనూ వచ్చింది). ఒకరోజు 'చముద్రంలో చేపలు' అని రాస్తే టీచరమ్మ పలక పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. "సగం రైటే కదమ్మా" అన్నాను నేను, నొచ్చుకుని.

తరవాత నాలుగేళ్ళకి, మా ఆవులూ దూడలూ, వాటి వెనక తిరిగిన నా చిన్నతనమూ కలిపి 'గొడ్లచావిడి కబుర్లు' అని నోటుపుస్తకం నిండా రాశాను. శ్రీకాకుళంలో ఉండే మా అన్న కూతురు దాన్ని కంప్యూటర్లో కొట్టి, చంతలూ చున్నాలూ అన్నీ దిద్ది అచ్చు వేయించింది. అట్ట మీద నా పేరు చూసుకుని మురిసిపోయాను. మా ఆయన (ఐదో తరగతి) వీధంతా వినపడేలా "సూ...ర...మ్మ" అని చదివాడు. ఊళ్ళో చదువొచ్చినవాళ్ళందరూ అలాగే చదివారు. రథసప్తమినాడు పుట్టానని, అరసవల్లి సూర్యదేవుడి పేరు కలిసి వచ్చేలా మా అమ్మ పెట్టిన పేరు అది.

పుస్తకం వెనక నా ఫోను నంబరు వేశారు. పదిరోజులకి ఒక ఫోను. "చూరమ్మ గారేనా అండీ?" "ఆ పేరు గల మనిషి ఇక్కడ లేదు బాబూ" అని పెట్టేశాను. మర్నాడు ఇంకొకటి, అదే మాట, అదే జవాబు. మూడో మనిషి మాత్రం మొండివాడు.

"మరి గొడ్లచావిడి కబుర్లు రాసిందెవరండీ?"

"నానే."

"మీ పేరు?"

"సూరమ్మ."

"అదేనండీ, చూరమ్మ గారే కదా?"

"కాదు బాబూ, సూరమ్మ!"

కాసేపు అలా దెబ్బలాడుకున్నాక నాకేదో అనుమానం వచ్చి, పుస్తకం తెచ్చి, పేరు మీద వేలు పెట్టి, మొదటి బడిరోజుల్లోలాగా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. అది 'సూ' కాదు, 'చూ'. అట్ట మీద, లోపల, వెన్ను మీద కూడా. మా ఊళ్ళో అక్షరం ఏదున్నా నోట్లోంచి వచ్చేది 'స'యే కాబట్టి ఎవరికీ పట్టుబడలేదు. వెంటనే మేనకోడలికి ఫోను చేశాను.

"ఓలమ్మ, నా పేరు తప్పుగా అచ్చేయించీసినావేటే?"

"నువ్వు రాసిందే ఏసినానత్తా. మిగతావన్నీ దిద్దినాను గానీ, పేరు నీ సొంతం గదా, కలం పేరెట్టుకున్నావేమో అనుకున్నాను."

"కలం పేరేటే, నా బొంద! మార్పించీ."

"ఇప్పుడు మార్సకూడదు. పేపర్లో ఏటి రాసినారో సూడనేదా?"

పేపర్లో ఎచ్చెర్లలో పాఠాలు చెప్పే ఒక తెలుగు మాస్టారు నా పేరు గురించే రాశారట. ఇంట్లోవాళ్ళు తడవకుండా తాను తడిసేది చూరనీ, ఈమె తనని తాను చూరుతో పోల్చుకోవడంలో ఎంత వినయం ఉందో చూడమనీ. మేనకోడలు ఆ ఆదివారమే ఊరొచ్చి మాకు అది చదివి వినిపించింది. మా ఆయన శ్రద్ధగా విని, "అయితే సూర్యుడెల్లిపోయి సూరు మిగిలినాదన్నమాట" అన్నాడు.

"నవ్వకు మావయ్యా. రాసేవోలకి పేరే బ్రాండు. జనం నోట్లో పడ్డాక ముట్టుకోకూడదు."

"బ్రాండంటే ఏటే?"

"సబ్బు మీద పేరుంటాది సూడు, అలాటిది."

"నాలుగు రోజులు రుద్దితే అరిగిపోతాది గదే అది?"

అరగకుండా ఉండటానికి మేనకోడలు చాలా పాట్లు పడింది. ఫేస్‌బుక్కులో నాకో పేజీ తెరిచి, ఫోటోలన్నీ చూరు కిందే ఉండాలంది. మాదేమో స్లాబు ఇల్లు. పక్కింటివాళ్ళ పశువుల పాక కింద నన్ను నిలబెట్టి, "సూరు పట్టుకో అత్తా, దూరంగా సూడు" అంది. పట్టుకున్నాను. ఆ తాటాకుల్లో కందిరీగలు కాపురమున్నాయని పట్టుకున్నాకే తెలిసింది. వాచిపోయిన ఎడమ చెంపతో పడిన ఆ ఫోటో కింద 'ఎంత గంభీరమైన ముఖం' అని బోలెడుమంది రాశారు.

ఇంతలో ఆ మాస్టారే ఫోను చేసి, ఎచ్చెర్లలో కాలేజీ పిల్లల సభకి వచ్చి నా కలం పేరు వెనక కథ చెప్పమన్నారు. నిజం చెబితే, సొంత పేరు కూడా రాసుకోలేని మనిషి పుస్తకం రాసిందట అని మళ్ళీ బట్టల కొట్టు నవ్వులే. ఆ భయంతోనే మేనకోడలు రాసిచ్చిన రెండు పేజీల ఉపన్యాసం, చూరు గొప్పతనం మీద, దూడకి కుడితి పెడుతూ కూడా వల్లె వేశాను. తోడుకి శ్రీకూర్మంలో ఉండే మా ఆడపడుచుని తీసుకెళ్ళాను. తనెప్పుడూ సభ చూడలేదు. మా గుట్టు ఆవిడకి చెప్పడం నేనూ, మాతో వచ్చిన మేనకోడలూ మరిచిపోయాం.

మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "పేదవాడి ఇంటికి చూరు ఎలాగో, నేనూ అలాగే అనుకుని, ఈ పేరు..." అన్నానో లేదో, ముందు వరసలోంచి మా ఆడపడుచు లేచింది.

"అదేటొదినా! నిన్ను సూరు అన్నోలెవులు? అరసవిల్లి సూర్యనారాయనమూర్తి పేరని మీయమ్మ నాతోటి ఎన్నిమార్లు సెప్పినాదో! ఆ కాయితం ఎవులు రాసిచ్చినారు నీకు?"

మేనకోడలు ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. మాస్టారు కలం పట్టుకుని నావైపు చూస్తున్నారు. మా ఆడపడుచుకి మతిమరుపని ఒక్క మాట అంటే చాలు, నా పేరు నిలబడుతుంది. కానీ అంతమంది ముందు ఆవిడని అబద్ధాలకోరుని చెయ్యడం, ఆవిడతో పాటు మా అమ్మని కూడా చెయ్యడం నావల్ల కాలేదు. కాయితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

"కలం పేరు కాదు బాబూ, తప్పు. నాకు రాయడం రాక పడిన తప్పు" అని మొదలుపెట్టి, చీర దగ్గర్నుంచి చముద్రం దాకా, కందిరీగలతో సహా అంతా చెప్పేశాను. మా భాషలోనే చెప్పాను, దిద్దుకోవడానికి ఓపిక లేదు. నవ్వారు. అబ్బ, ఏం నవ్వారు! కానీ ఇది బట్టల కొట్టు నవ్వు కాదు. ఇందులో నాకూ చోటుంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ ఒక్క అక్షరం మీద ఒకటిన్నర పేజీ రాశానమ్మా, ఇప్పుడు దాన్నేం చెయ్యమంటారు?" అన్నారు. "ఉంచండి బాబూ, బాగున్నాది. సూరుకేనా ఎవులో ఒకలు పేరు తేవాల గదా" అన్నాను.

అంతా అయ్యాక ఒక పిల్ల పుస్తకం పట్టుకుని, అందరూ వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాను మొన్న ఇంటర్యూకి ఎల్లినాను. మన 'స' నోట్లోంచి ఒచ్చీకూడదని బయపడి బయపడి, లోపలికెల్లి గుడ్ మార్నింగ్ 'చార్' అనీసినాను."

"ఓలప్పా! ఉద్యోగమిచ్చినారేటే?"

"ఎక్కడమ్మా. ఆ 'చార్'లోకి అన్నం ఎట్టమనలేదు, అదే సాలు."

ఇద్దరం ఆ కుర్చీల మధ్య కడుపు పట్టుకుని నవ్వాం. మా ఆడపడుచు, సంగతేమిటో తెలియకుండానే, మాకంటే ఎక్కువ నవ్వింది. పిల్ల కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచి సంతకం పెట్టమంది. కలం పట్టుకుని ఆగిపోయాను.

"ఏ అచ్చరం ఎయ్యమన్నావే? సరైందా, తప్పుదా?"

"తప్పుదే ఎయ్యమ్మా. నాకు తోడుంటాది."

వేశాను. రెండో అచ్చుకి వెళ్ళేటప్పుడు మేనకోడలు మళ్ళీ అడిగితే, అలాగే ఉంచమన్నాను. ఇప్పుడు ఫోన్లో ఎవరైనా చూరమ్మ గారేనా అంటే, "అవును బాబూ" అంటున్నాను. అప్పుడప్పుడు మాత్రం, అంగన్‌వాడీ గదిలో చాప మీద బోర్లా పడుకుని, నాలిక బయటపెట్టి, ఎవరూ నవ్వకూడదని తన పేరునే దిద్దుకుంటున్న ఆ యాభై రెండేళ్ళ మనిషి గుర్తొస్తుంది. ఇప్పుడు వెళ్ళి పక్కన కూర్చునే వీలుంటే, తప్పని చెప్పను. ఊరికే పెన్సిలు చెక్కి ఇచ్చి వస్తాను.