మేస్త్రి ‘మీద’ వేయబోయి మేస్త్రి‘ని’ వేసిన వైనం

వాక్యంలో ఒక్క చిన్న ముక్క తప్పిపోతే ఏమవుతుంది? పరీక్షలో అర మార్కు పోతుందని ప్రొద్దుటూరు హైస్కూల్లో పదిహేనేళ్లు పిల్లలకు చెప్పాను. నా నోట్లోంచే ఆ ముక్క జారిపోయిన రోజున ఒక కుటుంబం ఇంటికి తాళం వేసుకుని ఊరు విడిచిపోయింది. తెలుగు పంతులు చేసిన ఈ అఘాయిత్యం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ నవ్వాను గానీ, శానా ఆలస్యంగా.

అవి మా వైపు జీపు చప్పుడు వినబడితే కిటికీ రెక్కలు మూసుకునే రోజులు. ‘నువ్వు ఏ పార్టీ?’ అని ఎవరైనా అడిగితే, ఓటు గురించి మాత్రమే కాదు, ఏ ముఠా మనిషివని అడుగుతున్నట్టు. నాకు ఏ పార్టీ లేదు. ఉన్నదల్లా మూడు గదుల ఇల్లు. కట్టింది జమ్మలమడుగు ఓబులేసు మేస్త్రి. ఆరేళ్లు బుద్ధిగా నిలబడింది. ఏడో ఏట ఒక ఉదయం, నా భార్య లక్షుమ్మ అప్పుడే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. వెనకే స్లాబులోంచి టెంకాయంత పెచ్చు ఊడి ఆమె తలగడ మీద పడింది. పైకి చూస్తే తుప్పు పట్టిన కమ్మీలు పళ్లికిలిస్తున్నాయి.

“ఏందయ్యా ఇది?”

“స్లాబు.”

“అది స్లాబని నాకూ తెల్సు. దీని కింద బిడ్డను ఎట్ల పండబెట్టల్ల?”

ఆ రోజునుంచి ముగ్గురం రేకుల వరండాలోకి మారాం. నేను ప్రొద్దుటూరులోనే ఒక వకీలును కలిశాను.

“ఆరేళ్లు దాటింది కదండీ, ఇంకేం చేయగలం?”

“ఇల్లు ఎప్పుడు కట్టారన్నది కాదు పంతులుగారూ, లోపం ఎప్పుడు బయటపడిందన్నది ముఖ్యం. అలాగే వాదిద్దాం. ముందు రిజిస్టర్డ్ నోటీసు పంపుదాం. పలకకపోతే కడపలో, వినియోగదారుల ఫోరంలో, రెండేళ్లలోపు వేసేయాలి. సివిల్ కోర్టు కూడా ఉంది గానీ అది నిదానం. ఫోటోలు తీయించండి, ఇంజినీరు చేత రాయించండి. ఆ పెచ్చు మాత్రం భద్రం, అదే సాక్ష్యం. ఇంకో మాట, నోటీసు ఎదుటి పార్టీ చేతికే అందాలి. అతను ఇంట్లో ఎప్పుడుంటాడో కనుక్కోండి.”

గమనించారా? ‘కేసు’ అన్న మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. వకీళ్లకు అది గాలిలాంటిది, ప్రత్యేకంగా పలకరు. నేనూ పలకకుండా నేర్చుకున్నాను.

పెచ్చును పాత పేపర్లో చుట్టి, పురికొసతో గట్టిగా బిగించి, గుడ్డ సంచిలో వేసుకుని ఇంజినీరుకు చూపడానికి జమ్మలమడుగు బస్సెక్కాను. గుండ్రంగా, బరువుగా, పురికొస చుట్టి ఉండే వస్తువు ఆ కాలంలో మా వైపు ఇంకొకటి కూడా ఉండేదని, దాన్ని నాటుబాంబు అంటారని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు.

బస్టాండు టీ బంకులో సంచిని బల్ల మీద మెత్తగా దించాను.

“అప్పా, ఓబులేసు మేస్త్రి ఇల్లు యాడ?”

“ఈ సందు చివర. ఏం సారూ?”

“ఇంట్లో ఎన్నింటికి ఉంటాడు? ఒక్కడే ఉంటాడా?”

టీ వడపోస్తున్న చెయ్యి ఆగింది. “ఏం పనబ్బా ఆయప్పతో?”

“ఏం లేదు. మేస్త్రిని ఏసేస్తాండా. రెండేండ్లు గడువుంది గానీ, ఈ నెల్లోనే ఏసేస్తే నిమ్మళం.”

‘మేస్త్రి మీద కేసు’ అనాలి. ‘కేసు’ వకీలు దగ్గర నేర్చుకున్న గొప్పలో పోయింది. ‘మీద’ ఎలా పోయిందో నాకిప్పటికీ తెలియదు.

బెంచీ మీద ఉన్న పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగాడు. “మీ వెనకాల ఎవరుండారు సారూ?”

“మా వకీలు. ఓబులేసు ఎదుటి పార్టీ అని ఆయనే తేల్చినాడు.”

“ఆ సంచిలో ఏంది?”

“సాక్ష్యం. చెయ్యి పెట్టొద్దప్పా, కింద పడితే అంతా పోతాది!”

నిమిషంలో బెంచీ ఖాళీ. సగం తాగిన గ్లాసులు నా వైపే చూస్తున్నాయి. టీ మనిషి బంకు సగం మూసి, వంగి నమస్కారం పెట్టాడు. తిరుగు బస్సులో కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు. ఉపాధ్యాయులకు జమ్మలమడుగులో ఇంత గౌరవముందా అని మురిసిపోయాను.

నోటీసు ‘ఇంటికి తాళం’ అన్న రాతతో తిరిగొచ్చింది. తప్పు చేశాడు కాబట్టే పారిపోయాడని లక్షుమ్మకు అర్థతాత్పర్యాలు చెప్పాను.

మరుసటి ఆదివారం పట్టపగలు మా గేటు ముందు జీపు ఆగింది. లక్షుమ్మ బిడ్డను లాక్కుని లోపలికి పోయింది. జీపులోంచి తెల్లపంచె పెద్దాయన దిగాడు. ఓబులేసు మామ, పులివెందుల నుంచి వచ్చాడు. టీ బంకువాళ్లు చెప్పిన ఆనవాళ్లతో ఓబులేసు నన్ను పోల్చుకున్నాడట.

“సారూ, మా అల్లుడు నీకేం చేసినాడని ఏసేయల్లనుకుంటివి?”

“స్లాబు చెడగొట్టినాడు.”

“స్లాబుకు మనిషిని ఏసేస్తారా?”

“మనిషినా? నేను ఏసేది కడపలో! ఫోరంలో!”

“చోటు గూడా అనుకున్యావా!”

నేను పరుగున పోయి నోటీసు నకలు, సంచీ తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన చదివాడు, సంచి విప్పి పెచ్చును చూశాడు. ఎంతసేపు నవ్వాడంటే, నేనూ నవ్వబోయాను.

అప్పుడు ఓబులేసు దిగాడు. గడ్డం మాసింది, మనిషి సగమయ్యాడు.

“మా అన్న విషయంలో గూడా ఇట్లనే సారూ. ఎవరో వచ్చి ఇల్లు యాడ, ఎన్నింటికి ఉంటాడు అని టీ బంకులో అడిగిపోయినారు. మూడోనాటికి అన్న లేడు.”

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. నాది మొదలవ్వకుండానే ఆగింది.

ఓబులేసు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. అతను పైన స్లాబు చూశాడు. కింద ఇంకా తీయని తలగడ చూశాడు. వరండాలోని చాపలూ చూశాడు.

“కాంక్రీటు ఉప్పు బోరు నీళ్లతో కలిపినా సారూ. ఆ పొద్దు మంచినీళ్లు రాలేదు. ఎవరికి తెలుస్తాదిలే అనుకుంటి.” మళ్లీ తలగడ వైపు చూసి అన్నాడు, “మీరు దీని కిందనేనా పండుకున్యారు, ఆరేండ్లు?”

ఒకరినొకరు ఎంత భయపెట్టుకున్నామో ఇద్దరం లెక్క వేయలేదు.

ఓబులేసు పాత స్లాబు దించి కొత్తది వేస్తానన్నాడు. వకీలు తల ఊపాడు. “రాజీ కూడా ఒక దారే. కానీ కాగితం మీద, సాక్షులతో. పని అయ్యేదాకా ఫోరం గడువు మాత్రం మరవొద్దు.” కాగితం నేనే రాశాను. ప్రతి ‘మీద’నూ మూడుసార్లు సరిచూశాను.

కొత్త స్లాబు గట్టిపడి, ముగ్గురం మళ్లీ గదిలోకి చేరాక, ఇంజినీరుకు చెప్పడానికి నేనూ ఓబులేసూ జమ్మలమడుగులో దిగి అదే బంకులో టీ అడిగాం. టీ మనిషి నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

“ఏం సారూ, ఏసేస్తిరా?”

నేను నోరు తెరిచేలోపు ఓబులేసు రొమ్ము విరుచుకుని అరిచాడు. “సారుకెందుకప్పా కష్టం? నేనే ఏసేసినా! దగ్గరుండి, శుభ్రంగా!”

బెంచీ మీద ఇద్దరు కొత్తవాళ్లు గ్లాసులు దించి వెళ్లిపోయారు.

అందుకే ఇరుగుపొరుగుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏమి వేస్తున్నానో చెప్పకుండా ఈ జన్మలో ‘వేస్తాను’ అనను. కేసే వేయాల్సి వస్తే ‘కేసు’ అన్న మాటను ముందుగా, గట్టిగా, రెండుసార్లు అంటాను. అనేముందు సంచిని అందరి ఎదుటా బోర్లిస్తాను.