బాపు తడి తువ్వాల

మా నాన్న, మేం బాపు అంటాం, బతుకంతా భూగర్భ గనిలో బొగ్గు కొట్టి రిటైరయ్యాడు. ఆయన ఛాతీలో ఎంత బొగ్గు మిగిలిందో దేవుడికీ, ఎక్స్‌రే తీసినాయనకూ తెలియాలి. పోనీ దుమ్ముకు దూరంగా ఉన్నాడా అంటే అదీ లేదు, ఇల్లు కట్టింది కమాన్‌పూర్‌లో, ఓపెన్‌కాస్టు గని పక్కనే. అక్కడ బ్లాస్టింగ్ అయిందంటే మా ఇంట్లో బిందె, మంచం, టీవీ, బైబిలు, అన్నిటిమీదా తడిగుడ్డ పడాల్సిందే. గనిలో ముక్కుకు తడి తువ్వాల కట్టుకుని పనిచేసిన మనిషి మరి. ఆ గుడ్డలన్నీ ఉతికేది నేను. బడిపంతులమ్మను, నోరు పెద్దది. నేను అరుస్తుంటే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఇంకో తువ్వాల తడుపుతాడు.

ఆ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి బాపుకు ఆయాసం ఎక్కువైంది. నోట్లో కొట్టుకునే మందు ఎంత కొట్టినా లాభం లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వేరే ఊరు పోయిందన్నారు. ఇక లాభం లేదని ఆయన్ను నా డీజిల్ కారు ముందు సీట్లో కూర్చోబెట్టి గోదావరిఖని దవాఖానకు బయల్దేరాను.

ఊరి రోడ్డు మీద బండి మామూలుగానే నడిచింది. గని మట్టిగుట్టల పక్కన ఎత్తు వచ్చింది. అక్కడ గట్టిగా తొక్కానో లేదో, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో కూత సన్నగా లేచి, ఠక్కున తెగిపోయింది. వెనక నల్లటి పొగ కమ్మేసింది. ఇంజన్ రెండుసార్లు గిజగిజలాడి ఆగిపోయింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. తాళం తిప్పితే స్టార్టయింది. ఊరికే వదిలేస్తే నడుస్తోంది, తొక్కితే చస్తోంది. డీజిల్ ఉంది. వేడి ముల్లు కదల్లేదు. ఎర్రలైటు లేదు. బానెట్ ఎత్తి చూస్తే నూనె కూడా సరిగ్గానే ఉంది. మరేం రోగం దీనికి? బొగ్గు టిప్పర్లకు చెయ్యెత్తాను. ఒక్కడంటే ఒక్కడు ఆపలేదు. నోటికొచ్చినవన్నీ తిట్టాను. గోదావరిఖనిలోని మెకానిక్‌కు ఫోన్ చేసి, జరిగిందంతా ఏడుపు గొంతుతో చెప్పాను.

"టర్బో పోయిందక్కా. ఇగ స్టార్ట్ చెయ్యకు, ఇంజన్ మొత్తం ఖరాబైతది. క్రేన్ పట్టుకొని వస్త."

క్రేన్ వచ్చేదాకా బాపు ఉంటాడా? ఆ ప్రశ్న ఆయనకు వినబడకుండా మింగేశాను.

లోపల ఆయన సీటు అంచు పట్టుకుని ముందుకు వంగి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. మాట రావడం లేదు. నన్ను చూసి, అరచెయ్యి ముక్కుమీద పెట్టి, తల వెనక ముడి వేసినట్టు చూపించాడు. నాకు తెలియని సైగ కాదు అది. గనిలో డ్రిల్లు మోతలో మాట వినబడనప్పుడు, గుడ్డ కట్టుకొమ్మని ఒకరికొకరు చెప్పుకునేది. దుమ్ముకు తట్టుకోలేక అడుగుతున్నాడనుకుని చున్నీ తడిపి ముక్కుకు అడ్డం పెట్టాను. విసిరికొట్టాడు. మళ్ళీ అదే సైగ. ఈసారి ఆయన వేలు తెరిచి ఉంచిన బానెట్ వైపు చూపింది.

అప్పుడర్థమైంది. పరుగెత్తి, ఇంజన్ గాలి పీల్చే గొట్టం వెతికాను. దాని మూతికి కట్టుతీగ చుట్టి ఉంది, తీగలో ఎర్రంచు పేలికొకటి వేలాడుతోంది. వేళ్లు దూర్చి లాగితే, లాగినకొద్దీ వచ్చింది. బాపు తువ్వాల. ముందురోజు బ్లాస్టింగ్ అయ్యాక తడిపి కట్టినట్టున్నాడు. ఎత్తులో టర్బో బలంగా పీల్చేసరికి ఉండలా లోపలికి పోయి గొట్టాన్ని మూసేసింది.

కోపం నా కళ్లు కప్పేసింది. చావుబతుకుల్లో ఉన్న మనిషని కూడా చూడలేదు. ఆ గుడ్డ ఆయన ముందు ఆడిస్తూ, ఎవరు చెప్పారు నీకు దీన్ని కట్టమని, నన్నెందుకు అడగలేదని అరిచాను.

ఒక్కో మాటకూ ఒక్కో శ్వాస వెతుక్కుంటూ అన్నాడు.

"దుమ్ము... పోతంది బిడ్డా... దాని లోపటికి. నా లెక్క... గావద్దని."

నేను బానెట్ దించి, తాళం తిప్పి గేరు వేశాను. బండి ఎత్తు ఎక్కింది. రోడ్డు కనబడకుండా కన్నీళ్లు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి పెదవుల నీలం తగ్గింది. ఈసారికి గట్టెక్కాడమ్మా అన్నాడు డాక్టరు. ఆ 'ఈసారికి' అన్న మాట నన్ను అక్కడ నిలవనీయలేదు. తువ్వాల తీసుకుని వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లాను. పిండాను, నల్లనీళ్లు వచ్చాయి. జాడించి మళ్ళీ పిండాను. గుడ్డ చినుగుతుందేమోనన్నంతగా పిండాను. నీళ్లు నల్లగానే వస్తున్నాయి.