పలకల కింద పెట్టిన విల్లు

తెల్లదొరల ఏలుబడిలో, ఊరూరి పిల్లలూ మా మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకుంటున్న ఆ రోజుల్లో, నాకు చేతకాని పని లోకంలో లేదని నా గట్టి నమ్మకం. (మీసం అప్పుడప్పుడే మొలుస్తోంది లెండి, దానితోపాటు ఇలాంటి నమ్మకాలూ మొలుస్తాయి.) మా మేనమామ ఎవరెవరినో బతిమాలి నన్నొక పలకల కార్ఖానాలో పనికి కుదిర్చాడు. "ఒక ఏడాది పని నిలబెట్టుకోరా, పిల్లనిస్తా" అన్నాడు. పిల్లంటే మా మరదలే. చిన్నప్పటినుంచీ నన్ను చూస్తే చాలు, నవ్వేది. ఆ నవ్వు ఆపించి ఒక్కసారైనా ఔరా అనిపించాలని నా తాపత్రయం.

అంతలో అడవి బంగళాలో దిగిన ఒక దొర చేతిలో నిలువెత్తు విల్లు చూశాను. ఒకే కర్ర కాదు, పలుచని బద్దలు ఒకదానిమీద ఒకటి అతికించి చేసింది. ఇంకేం, నాకు అన్నం సహించలేదు. వెదురు బద్దలు రెండు చెక్కి, పలకల చట్రాలకని తెచ్చిన పొడుగాటి కర్రబద్ద నడుమ పెట్టి, వడ్రంగిని అడిగి తెచ్చిన బంక ధారాళంగా పట్టించాను. (తక్కువైందని రేపు ఎవరూ అనకూడదు.) అతుకు గట్టిపడాలంటే బరువు పెట్టాలి కదా! కార్ఖానాలో బరువుకేం కొదవ? మర్నాడు బండికెక్కించాల్సిన పలకల దొంతరలన్నీ దానిమీద పేర్చి, మహా గర్వంగా ఇంటికి పోయాను.

పొద్దున్నే యజమాని కేక వీధంతా వినబడింది.

"ఏందిరా ఇది? పలకలకు తోక మొలిచిందా?"

దొంతర ఎత్తితే విల్లు, విల్లుతోపాటు అటూ ఇటూ వేలాడుతూ పలకలూ లేచి వచ్చాయి. బరువుకు బంకంతా బద్దల మధ్యనుంచి బయటికి కారి పలకలను కరుచుకుంది. సరిగ్గా అప్పుడే, సంతకు వచ్చిన మామ నన్ను చూసిపోదామని లోపలికి అడుగుపెట్టాడు. వెనకాలే మరదలు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"వీణ్ణి ఈ పొద్దే పంపించేస్తా" అన్నాడు యజమాని.

మామ విల్లు అందుకుని, పలకలు ఒక్కొక్కటే ఊడబీకి, కాస్త వంచి చూశాడు. టప్పుమని మూడు బద్దలూ మూడు దారులు పట్టాయి. అతుక్కోవలసినవి తప్ప తక్కినవన్నీ అతుక్కున్నాయన్నమాట.

మరదలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేకపోయింది. "విల్లు విరిస్తే పెండ్లని విన్నాం. ఊడగొడితే ఏం చేస్తారు నాయనా?"

ముందు యజమాని నవ్వాడు. తర్వాత మామ.

"ఈ పలకలన్నీ కడిగి తుడిచేదాకా నువ్వు యాడికీ పోయేదానికి లేదు, పో, నీళ్లు కాంచుకో" అన్నాడు యజమాని. అట్లా నా ఉద్యోగం నిలబడింది. ఆ వేడినీళ్లు పోసి పెట్టిందెవరో చెప్పాలా?

ఇప్పటికీ మనవడికి పలక కొంటే దాని అంచు గోటితో గీకి చూస్తాను. "బంకేం లేదులే బావా" అంటుంది మా ఆవిడ, అదే నవ్వు నవ్వుతూ. ఔరా అనిపించడం ఈ జన్మకు నావల్ల కాలేదు. కానీ, ఆ నవ్వు వినబడకపోతే మాత్రం నాకు పొద్దుపోదు.