దండ బిషప్పుకి పడింది

మొన్న మంగళవారం మా అప్పలస్వామి మాస్టారు పరమపదించారు. ఆ దుర్వార్తకి నిశ్చేష్టుణ్ణయ్యాను. తేరుకోగానే ఒళ్లు మండిపోయింది. ఎనభై ఏళ్లు బతికిన మనిషి ఒక్క ఫొటో అయినా సరిగ్గా దిగకుండా వెళ్లిపోతారా?

శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపిన కార్మికుడాయన. సాయంత్రాలు సెక్టర్ 7 క్వార్టర్లో మాబోటి ఇక్కడే పుట్టిన పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించిన గురుదేవులు. పూజ చేయనిదే పచ్చిమంచినీళ్లు ముట్టని ఆయనకి ఆరాధ్యుడు మాత్రం పదమూడు వందల ఏళ్ల నాటి ఒక క్రైస్తవ బిషప్పు! ఆ చరిత్ర పాత పుస్తకాల బండి మీద దొరికిందట. కరువులో తన గాదెలు తెరిచి ఊరిని బతికించిన ఆ మహనీయుడు తన గురించి ఒక్క ముక్క రాసుకోలేదట. గుణింతాల మధ్య బిషప్పు, టీ తాగుతూ బిషప్పు. విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి.

"శిష్యుడొకడు కూకుని రాశాడు కాబట్టి ఆయన పేరు ఈ భిలాయి దాకా వచ్చిందిరా" అనేవారు.

పదవీ విరమణ రోజు అందరూ ఫొటోకి నిలబడితే, బూటు లేసు కట్టుకునే నెపంతో వంగిపోయారు. "నా మొహానికి ఫొటో ఏటిరా! బిషప్పు మొహం మాత్రం ఎవుడు చూశాడు? పుస్తకం అట్ట మీద బొమ్మ తరవాతోళ్లు ఊహించి గీసిందే" అన్నారు. తరవాత ఫోను కొన్నాక తన నంబరు పక్కన కనబడేలా ఆ బొమ్మే పెట్టుకున్నారు.

సంతాప సభకి ఫ్లెక్సీ వేసే కుర్రాడు, పక్కనున్న భిలాయి-3 ఊరివాడు, ఫోన్ చేసి ఫొటో అడిగినప్పుడు నేను శ్మశానంలో ఉన్నాను. "మాస్టారి నంబరు మీద ఉన్నదే వేసెయ్ భయ్యా" అన్నాను, బుద్ధి లేక. ఆదివారం సెక్టర్ 4 హాల్లో చూద్దును కదా, నిలువెత్తు బిషప్పు! కింద మాస్టారి పేరు. అధ్యక్షులవారు తలెత్తకుండానే దండ వేసేశారు. వెనకే అందరూ వరసగా పూలు చల్లారు.

"ఈ గెడ్డపాయనెవుడు బాబూ? మా ఆయనేడి?" అన్నారు మాస్టారి భార్య సూరమ్మగారు. సభ గొల్లున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ఆధార్ కార్డులో మొహం మసిబొగ్గులాగుంది. ఇంకోటి లేదు. ఆయన మొహం మరిసిపోతానేమోనని బయమేస్తంది" అన్నారు.

అందుకే విసుక్కుంటూనే కూర్చుని రాస్తున్నాను. చామనఛాయ. గుండ్రటి మొహం. కుడి కనుబొమ మీద నిప్పురవ్వ పడిన తెల్లమచ్చ. నవ్వు ఆపుకుంటే ముందు చెవులు కదిలేవి. మాస్టారూ, మీ బిషప్పుకి కీర్తి చాలినంత ఉంది. ఆయన పేరు ఇందులో రాయను గాక రాయను. మీ లోటు తీరేది కాదు. మీ పాదాలకి నమస్సులు.

ఇది సూరమ్మగారికి చదివి వినిపించాను. మచ్చ ఎడమ కనుబొమ మీదని రాశాను మొదట. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు చూసి, "కుడి బాబూ" అన్నారు.